రొయ్యలు రబ్బరులా సాగకుండా, వైన్ ఇనుములా తగలకుండా అరగంటలో సీఫుడ్ పాస్తా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: రాత్రికి నలుగురు భోజనానికి వస్తున్నారు, చేతిలో ఉన్నది అరగంట. ఫ్రీజర్‌లో రొయ్యలు, స్క్విడ్ రింగులు ఉన్నాయి. పోయినసారి చేసినప్పుడు రొయ్యలు రబ్బరులా సాగాయి, ప్లేటు అడుగున నీళ్లు తేలాయి, పక్కన పోసిన రెడ్ వైన్ ఒక గుక్క తాగేసరికి నోట్లో ఇనుప మేకు పెట్టుకున్నట్టు అయింది. ఈసారి ఎలా వండాలి, ఏ వైన్ తేవాలి?

పదేళ్లకు పైగా రెస్టారెంటు వంటింట్లో పాస్తా పొయ్యి దగ్గర నిలబడ్డాను. మీరు పడ్డ మూడు ఇబ్బందులూ నేనూ పడ్డవే. మొదటి రెండిటికీ కారణం ఒక్కటే, నీళ్లు. మూడోదానికి కారణం నిజంగా ఇనుమే, మీ నాలుక సరిగ్గానే పట్టుకుంది. వైన్ సంగతి తర్వాత చెప్తాను, ముందు నీళ్ల లెక్క తేల్చుకుందాం.

గడ్డకట్టిన రొయ్యల ప్యాకెట్ విప్పి చూడండి. ఒక్కో రొయ్య చుట్టూ అద్దంలా పలచటి మంచు పొర ఉంటుంది. ఫ్రీజర్‌లో ఎండిపోకుండా ప్యాక్ చేసేవాళ్లే వేసే పొర అది. దీన్ని గ్లేజింగ్ అంటారు. దానికి తోడు కొన్ని ప్యాకెట్లలో రొయ్యల్ని ఫాస్ఫేట్ కలిపిన నీళ్లలో నానబెట్టి ఉంటారు, నీళ్లు పట్టుకుని బరువు తూగుతాయి కాబట్టి. లేబుల్ మీద ట్రైఫాస్ఫేట్ అనో ఈ451 అనో ఉంటే అదే. వేడి తగలగానే ఈ నీళ్లలో చాలా భాగం పాన్‌లోకి దిగుతుంది, పాన్ వేడి ఒక్కసారిగా పడిపోతుంది. వేగాల్సిన రొయ్య ఉడకడం మొదలుపెడుతుంది. నీళ్లు ఇగరనీ అని మీరు ఆగుతారు. ఆగిన ఆ ఐదారు నిమిషాల్లో రొయ్య పని అయిపోతుంది.

కాబట్టి వంట ముందురోజు రాత్రే మొదలవుతుంది. పని పెద్దదేం కాదు, ప్యాకెట్‌ని ఫ్రీజర్ నుంచి కింద ఫ్రిజ్‌లోకి మార్చి పడుకోవడమే. ఈ రాత్రికే కావాలంటే, వంటకి ఉన్న అరగంట మొదలవకముందే గాలి చొరబడని కవర్‌లో వేసి చన్నీళ్ల గిన్నెలో ముంచండి. అరకిలో రొయ్యలు అరగంటలో కరుగుతాయి. తొందరపడి వేడినీళ్లు పోయకండి, పైన సగం ఉడికి లోపల గడ్డగానే ఉంటుంది. కరిగాక జల్లెడలో వేసి నీళ్లు ఓడ్చి, శుభ్రమైన గుడ్డ మీద పరిచి, పైన ఇంకో గుడ్డ వేసి అరచేత్తో అద్దండి. తిప్పి మళ్లీ అద్దండి. రొయ్య పట్టుకుంటే వేళ్లకి తడి అంటకూడదు.

ఇంకో చిట్కా. అరకిలో రొయ్యలకి ఒక టీస్పూన్ ఉప్పు, పావు టీస్పూన్ వంటసోడా పట్టించి పావుగంట ఫ్రిజ్‌లో ఉంచండి. సోడా వల్ల మాంసంలో క్షారం కొంచెం పెరుగుతుంది, అందులోని ప్రొటీన్ బిగుసుకుపోయి నీళ్లు వదిలేయడం తగ్గుతుంది. కొరికితే సాగకుండా పుటుక్కుమని తెగుతుంది. అయితే లేబుల్ మీద ఫాస్ఫేట్ ఉన్నవాటికి ఇది చేయకండి. ఆ పని ఫ్యాక్టరీలోనే అయిపోయింది, మళ్లీ చేస్తే సబ్బు వాసన తగులుతుంది. గులాబీ రంగులో ఉన్న రొయ్యలు కొన్నట్టయితే అవి ముందే ఉడికించినవి. వాటిని వండకూడదు, చివర్లో వెచ్చబెడితే చాలు. పోయినసారి మీరు వాడినవి అవే అయితే తప్పంతా పొయ్యి మీదకు నెట్టనక్కర్లేదు.

రొయ్య ఉడికిందో లేదో ఎలా తెలుస్తుందంటే, దాన్నే చూస్తూ ఉండాలి. పచ్చిగా ఉన్నప్పుడు బూడిద రంగులో, కాంతి కొంచెం లోపలికి దిగేలా ఉంటుంది. ఆస్టాక్సాంథిన్ అనే ఎర్ర రంగు అప్పటికే దాని ఒంట్లో ఉంటుంది కానీ ఒక ప్రొటీన్ దాన్ని చుట్టుకుని కనపడనివ్వదు. వేడికి ఆ ప్రొటీన్ విడిపోగానే ఎరుపు బయటికి వస్తుంది. పాన్‌కి తగిలిన వైపు అంచుల నుంచి గులాబీ రంగు ఎక్కుతూ నడుము దాకా వస్తే తిప్పేయండి. రెండో వైపు అంతకంటే తక్కువ సేపు. ఆంగ్ల అక్షరం సి ఆకారంలో వంగితే తీసేయాలి. తోక తలకి తగిలేలా సున్నా చుట్టేసిందంటే ఆలస్యమైపోయినట్టే. మధ్యరకం రొయ్యకి రెండు వైపులా కలిపి రెండు నిమిషాలు దాటదు. థర్మామీటర్ ఉంటే లోపల 63 డిగ్రీల సెల్సియస్ రావాలి.

స్క్విడ్ ఇంకా పెంకిది. ఒకటిన్నర నిమిషంలో తీసేస్తే మెత్తగా ఉంటుంది, ముప్పావుగంట సన్నని మంట మీద ఉడికినా మెత్తగానే ఉంటుంది. ఈ రెండిటి మధ్య ఎక్కడ ఆపినా చెప్పు అట్టే. మొదట కండ బిగుసుకుంటుంది, తర్వాత చాలాసేపటికి అందులోని కొలాజెన్ కరిగి వదులవుతుంది. మీకు ఉన్నది అరగంట కాబట్టి రెండో దారి మూసుకుపోయింది. ఒకటిన్నర నిమిషమే.

ఇప్పుడు చెవులకి పని చెప్పండి. వెడల్పాటి పాన్ పెద్ద మంట మీద బాగా కాలాక నూనె వేసి, రొయ్యల్ని ఒకదానికొకటి తగలకుండా పరచండి. నలుగురికి సరిపడా రొయ్యలు ఒకేసారి పట్టవు, రెండు విడతలుగా వేయాలి. వేయగానే చర్రుమని గట్టిగా వినపడాలి, ఆ చప్పుడు అలాగే కొనసాగాలి. పది సెకన్లలో అది తగ్గి కుతకుత మొదలైందంటే పాన్ చల్లబడింది, నీళ్లు దిగుతున్నాయి. సగం రొయ్యలు వెంటనే బయటికి తీసేయండి. వంటింట్లో నాకు పని నేర్పిన పెద్దాయన పాన్ వైపు చూసేవాడే కాదు. వీపు తిప్పి వెల్లుల్లి తరుగుతూనే "అది ఉడుకుతోంది, వేగట్లేదు" అని కేకేసేవాడు. ఆయనకి కళ్లు వెనక ఉన్నాయని అనుకునేవాణ్ణి. చెవులతో వింటున్నాడని తెలియడానికి ఏడాది పట్టింది.

వేగిన రొయ్యలు, స్క్విడ్ ఒక పళ్లెంలోకి తీసి పక్కన పెట్టేయండి. పాస్తా, సాస్ కలిసి పూర్తయ్యేదాకా అవి పాన్‌లోకి రావు. ఇళ్లల్లో ఎక్కువ మంది చేసే పొరపాటు ఇక్కడే. రొయ్యలు వేయించి, వాటి మీదే వైన్ పోసి, మరిగించి, పాస్తా కలిపేసరికి పది నిమిషాలవుతుంది. రెండు నిమిషాల వస్తువుని పది నిమిషాలు కాలిస్తే అది ఏం చేస్తుంది పాపం.

నలుగురికి కొలతలు: పాస్తా 400 గ్రాములు, రొయ్యలు అరకిలో, స్క్విడ్ పావుకిలో, వెల్లుల్లి ఐదారు రెబ్బలు, ఆలివ్ నూనె ఆరు టేబుల్ స్పూన్లు, ఎండుమిర్చి తునకలు అర టీస్పూన్, వైట్ వైన్ 120 మిల్లీలీటర్లు, ఒక నిమ్మకాయ, గుప్పెడు పార్స్లీ. రొయ్యలు తొక్కుతో ఉన్నవైతే అదృష్టం. పాస్తా నీళ్లు కాగేలోపు తొక్కలు, తలలు చెంచా నూనెలో ఎర్రగా వేయించి, రెండు కప్పులు నీళ్లు పోసి పది నిమిషాలు మరిగించి వడకట్టండి. ఆ కప్పున్నర రసం పాస్తాకి ఇచ్చే రుచి ఏ పొడీ ఇవ్వదు. తొక్క తీసినవే ఉంటే బాధపడకండి, పాస్తా నీళ్లతో పని జరిగిపోతుంది.

పాస్తాలో స్పఘెట్టి గానీ లింగ్విని గానీ తీసుకోండి. పొట్టి గొట్టాల్లాంటివి ఈ వంటకి నాకు నచ్చవు. పలచటి నూనె సాస్ పొడుగు తీగలకి చుట్టుకున్నంత బాగా వాటికి పట్టదు. డ్యూరం అనే గట్టి రకం గోధుమ రవ్వతో చేసినదై ఉండాలి. ఇటలీలో 1967 నుంచి చట్టం ప్రకారం ఎండు పాస్తాని డ్యూరం గోధుమతోనే చేయాలి. ప్యాకెట్ మీద కంచు అచ్చు (పాస్తా పిండిని నొక్కి తీగలుగా తీసే అచ్చు కంచుది) అని ఉంటే ఇంకా మంచిది. దాని ఉపరితలం గరుగ్గా, పిండి రాలినట్టు తెల్లగా కనిపిస్తుంది, సాస్‌ని పట్టుకునేది ఆ గరుకే. నేపుల్స్ దగ్గరి గ్రన్యానో పాస్తా పేరు అందుకే మోగింది. అది దొరక్కపోతే వంట ఆపుకోనక్కర్లేదు.

నీళ్ల విషయంలో పుస్తకాల్లో 400 గ్రాములకి నాలుగు లీటర్లు అని ఉంటుంది. నేను మూడే పోస్తాను. త్వరగా కాగుతాయి, పైగా పాస్తా వదిలే పిండి తక్కువ నీళ్లలో చిక్కగా ఉంటుంది. ఆ చిక్కదనం మనకి కాసేపట్లో కావాలి. ఉప్పు మామూలుగా లీటరుకి 10 గ్రాములు వేస్తారు, సీఫుడ్ పాస్తాకి 7 చాలు. రొయ్యల్లోనూ ఉప్పుంది, ఆ నీళ్లే సాస్‌లోకి వచ్చి ఇగురుతాయి కాబట్టి చివరికి ఉప్పు ముదురుతుంది. నీళ్లలో నూనె వేయకండి, పాస్తా జారుడుబడి సాస్ నిలవదు.

పాస్తా నీళ్లలో పడ్డ క్షణం నుంచి గడియారం మొదలు. ప్యాకెట్ మీద 10 నిమిషాలని ఉంటే 8 నిమిషాలకే తీస్తాం. ఆ 8 నిమిషాల్లో సాస్ తయారవ్వాలి. రొయ్యలు వేగిన పాన్‌ని కడగకండి. మంట తగ్గించి మిగతా నూనె పోసి, పలచగా తరిగిన వెల్లుల్లి వేయండి. వెల్లుల్లి అంచులు బంగారు రంగుకి తిరుగుతుండగానే ఎండుమిర్చి తునకలు వేసేయాలి. గోధుమ రంగు వచ్చిందంటే చేదు, దానికి మందు లేదు. పాన్ తుడిచి మళ్లీ మొదలుపెట్టడమే మేలు. తర్వాత పాన్‌ని మంట మీద నుంచి పక్కకి జరిపి వైన్ పోయండి. సీసాతో నేరుగా మంట పైన పోయొద్దు, గ్లాసులో కొలిచి పోయండి. మంట సీసా మూతి దాకా పాకితే సరదాగా ఉండదు. మళ్లీ పొయ్యి మీద పెట్టి, అడుగున అంటుకున్న గోధుమ రంగు పొరని కొయ్యగరిటతో గీకుతూ, వైన్ సగానికి ఇగిరేదాకా మరిగించండి. ముక్కు దగ్గరికి వచ్చే ఆవిరిలో ఘాటు పోయి పండు వాసన మిగలాలి. ఆ తర్వాత తొక్కల రసం ఒక కప్పు పోసి అదీ కొంచెం ఇగరనివ్వండి.

ఇక అసలు వంట. ఇది రెండు నిమిషాల పని, మీ ప్లేటు అడుగున నీళ్లు తేలడానికీ తేలకపోవడానికీ తేడా ఇక్కడుంది. జల్లెడలో పాస్తా వంచేయకండి. పట్టకారుతో నేరుగా నీళ్లలోంచి తీసి పాన్‌లో వేయండి, నీళ్లు ఓడుతూనే రానివ్వండి. ఇంకో గరిటెడు పాస్తా నీళ్లు పోసి మంట పెద్దది చేయండి. ఇప్పుడు తిప్పాలి, ఎగరేయాలి, కుదపాలి, ఒక్క క్షణం ఆగకుండా. మొదట నూనె ఒకవైపు, నీళ్లు ఒకవైపు విడివిడిగా కనిపిస్తాయి. ముప్పై సెకన్లకి బుడగలు చిన్నవవుతాయి. నిమిషానికి నూనె చుక్కలు మాయమై, పాన్ అడుగున పాల మీగడలా తెల్లటి చిక్కటి ద్రవం తయారవుతుంది. పాస్తా వదిలిన పిండి నూనెనీ నీళ్లనీ కలిపి పట్టుకుంది. గరిటతో పాన్ మధ్యలో గీత గీస్తే అది వెంటనే పూడకుండా నిదానంగా మూసుకోవాలి. అక్కడ మంట ఆపేయండి. పొడిబారినట్టు అనిపిస్తే ఇంకో రెండు చెంచాల పాస్తా నీళ్లు. ఇటలీవాళ్లు ఈ తిప్పుడుని మాంతెకారె అంటారు. బయట క్రీమ్ వేసి తెచ్చే చిక్కదనాన్ని వాళ్లు గంజిలాంటి ఈ నీళ్లతోనే తెస్తారు.

మంట ఆపాక పళ్లెంలోని రొయ్యలు, స్క్విడ్, అడుగున ఊరిన రసంతో సహా వేయండి. పార్స్లీ, చెంచా పచ్చి ఆలివ్ నూనె, నాలుగు చుక్కల నిమ్మరసం. నాలుగే. ఎందుకో వైన్ దగ్గర చెప్తాను. రెండుసార్లు తిప్పి, వేడిచేసి ఉంచిన ప్లేట్లలో వడ్డించండి. అందరూ బల్ల దగ్గర కూర్చున్నాకే పాస్తా నీళ్లలో వేయడం మంచి పద్ధతి. మనుషులు పాస్తా కోసం ఆగుతారు, పాస్తా ఎవరి కోసమూ ఆగదు.

చీజ్ తురుము వేయాలా అని చాలామంది అడుగుతారు. ఇటలీలో సీఫుడ్ పాస్తా మీద చీజ్ అడిగితే మొహం చిట్లిస్తారు. రొయ్యల సన్నటి తీపిని పాత చీజ్ ఉప్పదనం మింగేస్తుంది కాబట్టి నేనూ వేయను. మీ ఇంట్లో ఇష్టమైతే వేసుకోండి, పోలీసులు రారు. పైన కరకరలాడేది కావాలంటే బ్రెడ్ పొడిని ఆలివ్ నూనెలో ఎర్రగా వేయించి చల్లండి. దక్షిణ ఇటలీలో చేసే పద్ధతి ఇది, చీజ్ కంటే బాగుంటుంది.

ఎప్పుడైనా తాజా క్లామ్స్ అనే గుల్లలు దొరికితే ఇదే పద్ధతిలో నేపుల్స్ వాళ్ల స్పఘెట్టి అల్లె వొంగొలె చేయొచ్చు. చిప్పలతోనే వండే రకం అది. కానీ ఇసుక వదిలించాలి. లీటరు నీళ్లకి 35 గ్రాముల ఉప్పు వేస్తే సముద్రపు నీళ్లంత ఉప్పన అవుతుంది, అందులో రెండు గంటలు ఉంచితే అవే ఇసుక కక్కుతాయి. వంటకి ముందు నోరు తెరుచుకున్న చిప్పని గోటితో తట్టండి, మూసుకోకపోతే పారేయండి. నేను కొత్తలో ఒక రాత్రి తొందరలో నానబెట్టే పని ఎగ్గొట్టాను. బల్ల దగ్గర ఒకాయన నమలడం ఆపి, పంటి కింద ఏదో పడ్డట్టు మొహం పెట్టి, రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ ప్లేటు వంటింట్లోకి తిరిగొచ్చినప్పుడు నాకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

ఇప్పుడు వైన్. ముందు మీ ఇనుప మేకు సంగతి.

రెడ్ వైన్‌తో చేప కుదరదని పాతకాలం నుంచి అంటూనే ఉన్నారు. టానిన్, అంటే రెడ్ వైన్‌లో నాలుకని పట్టేసే వగరు, దాని వల్ల అని కొందరు, పాత నమ్మకమని కొందరు. 2009లో జపాన్‌కి చెందిన మెర్షియన్ వైన్ కంపెనీ పరిశోధకులు పదుల రకాల వైన్లు తెచ్చి, స్కాలప్స్ అనే సముద్రపు గుల్లల మాంసంతో కలిపి రుచి చూపించి, రసాయన పరీక్షలు చేశారు. నీచు వాసన బలంగా వచ్చిన వైన్లలో కనిపించిన పోలిక ఇనుము. లీటరుకి సుమారు 2 మిల్లీగ్రాములు దాటిన వైన్లతో వాసన బాగా పెరిగింది. ఇనుము సీఫుడ్‌లోని కొవ్వుని అక్కడికక్కడే చెడగొట్టి నీచు వాసన పుట్టిస్తుందన్నమాట. ఇనుము తక్కువున్న రెడ్ వైన్లూ ఉన్నాయి, ఎక్కువున్న వైట్ వైన్లూ ఉన్నాయి. కానీ లేబుల్ మీద ఇనుము ఎంతో రాయరు. కాబట్టి చీకట్లో రాయి వేయడం కంటే వైట్ వైపు ఉండటం నయం.

మీరు ఏ పాన్ వాడారో రాయలేదు. నాన్‌స్టిక్ పూత లేని ఇనుప పాన్‌లో వైన్ పోసి మరిగిస్తే, వైన్‌లోని పులుపు పాన్ నుంచి కూడా ఇనుము లాగుతుంది. పోయినసారి అదే వాడి ఉంటే మీ గ్లాసుకి ప్లేటు కూడా తోడైందన్నమాట. ఈసారి స్టీల్ పాన్ గానీ పూత ఉన్న పాన్ గానీ వాడండి.

ఇంక ఎంపిక. చేప ఏదైనా రొయ్య ఏదైనా, వైన్‌ని దాని పక్కనున్న సాస్‌ని బట్టి ఎంచుకోవాలి. రొయ్య రుచి సన్నటిది, నోట్లో ముందు తగిలేది సాసే. దీనికి ఇంట్లోనే చిన్న పరీక్ష చేయండి. వైన్ ఒక గుక్క తాగండి. నిమ్మచెక్క నాకండి. మళ్లీ అదే వైన్ తాగండి. పులుపు తక్కువున్న వైన్ అయితే నీళ్లు కలిపినట్టు చప్పబడిపోతుంది. పులుపు ఉన్నదైతే నిమ్మకాయ పక్కన గుండ్రంగా, తియ్యగా మారుతుంది. ప్లేటులో ఉన్న పులుపు కంటే గ్లాసులో పులుపు ఒక మెట్టు ఎక్కువుండాలి. నిమ్మరసం నాలుగు చుక్కలే అన్నది అందుకు. మీరు ప్లేటులో నిమ్మకాయ మొత్తం పిండేస్తే దాన్ని మించే వైన్ వెతకడం కష్టం. మిగతా పులుపుని గ్లాసు అందిస్తుంది.

మీరు చేసేది వెల్లుల్లి, నూనె, వైన్ సాస్ కాబట్టి ఓక్ పీపాలో పెట్టని, పలచటి, పులుపున్న వైట్ వైన్ కావాలి. ఇటలీ వైపు అయితే సార్డీనియా వెర్మెంతీనో నా మొదటి ఎంపిక. నిమ్మతొక్క వాసన, చివర్లో రవ్వంత చేదు, అది ఆలివ్ నూనె ఘాటుతో భలే కలుస్తుంది. కంపానియా నుంచి వచ్చే ఫలంగీనా, గ్రెకొ ది తూఫొ, మార్కె ప్రాంతపు వెర్దిక్కియొ కూడా ఇదే కోవలోవి. ఫ్రాన్స్‌లో లువార్ నది సముద్రంలో కలిసే చోట పండే మస్కడే చూడండి. పేరు విని మస్కట్ అనే వైన్‌లా తియ్యగా ఉంటుందని చాలామంది పొరబడతారు, దానికీ దీనికీ సంబంధం లేదు. మెలోన్ ద బుర్గోన్య్ అనే ద్రాక్షతో చేస్తారు, తీపి ఉండదు, పులుపూ ఉప్పుగాలీ కలిసినట్టుంటుంది. లేబుల్ మీద స్యుర్ లీ అని ఉంటే ఈస్ట్ మడ్డి మీద ఉంచినదని అర్థం, కొంచెం కండ ఉంటుంది. అదే దేశపు దక్షిణాన ‘తో’ అనే పేరున్న సరస్సు ఒడ్డున పండే పిక్‌పూల్ ద పినే ఉంది. ఆ సరస్సులో ఆయిస్టర్లు పెంచుతారు, అక్కడివాళ్లు ఆ రెండిటినీ విడదీయరు. స్పెయిన్ గలీసియా నుంచి అల్బరీన్యో, గ్రీసు సాంతొరీని దీవి నుంచి అసీర్తికొ కూడా మంచివే. అసీర్తికొ పులుపు మాత్రం గట్టిది, అలవాటు లేనివాళ్లకి పళ్లు జివ్వుమంటాయి.

ఇన్ని పేర్లు ఎందుకు, ఒక్కటి చెప్పమంటారా? వెర్మెంతీనో. అది లేకపోతే మస్కడే. రెండూ లేకపోతే అన్నిచోట్లా కనిపించే పీనో గ్రీజో తీసుకోండి. దానికి పెద్ద వ్యక్తిత్వం లేదని విసుక్కునేవాళ్లున్నారు. సీఫుడ్ పక్కన నోరు మెదపకుండా కూర్చోగలగడం కూడా ఒక గుణమే.

సాస్ మారితే లెక్క మారుతుంది. టమాటా ఎక్కువ వేస్తే ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ నుంచి వచ్చే ‘రోజే’ అనే గులాబీ రంగు వైన్ పెట్టుకోండి. క్రీమ్ వేస్తే ఇంకొంచెం నిండైన వైట్ వైన్ షార్దొనే, ఓక్ వాసన తక్కువున్నది. కారం దండిగా వేస్తే మాత్రం జాగ్రత్త. ఆల్కహాల్ మిరప మంటని పెంచుతుంది, 14 శాతం వైన్ నిప్పు మీద నూనె పోసినట్టే. అప్పుడు రవ్వంత తీపి మిగిలిన జర్మనీ రీస్లింగ్, కాబినెట్ అని రాసి ఉన్నది వెతకండి. అందులో ఆల్కహాల్ చాలాసార్లు 8, 9 శాతమే ఉంటుంది. ఏమీ తోచకపోతే బ్రూట్ (తీపి లేనిది) అని రాసిన బుడగల వైన్ ఏదైనా సరే, బుడగలు నూనెని నాలుక మీద నుంచి కడిగేస్తాయి.

రెడ్ తప్ప తాగని స్నేహితుడు ఒకరు వస్తున్నారంటే టానిన్ తక్కువున్న సిసిలీ ఫ్రప్పాతొ గానీ పలచటి పీనో నువార్ గానీ తెచ్చి, ఫ్రిజ్‌లో అరగంట ఉంచి, 14 డిగ్రీల దగ్గర పోయండి. టమాటా సాస్ అయితే బాగానే కుదురుతుంది. ఇనుము సంగతి మాత్రం అదృష్టం.

వైట్ వైన్ 8 నుంచి 10 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్‌లో నుంచి అప్పుడే తీసినది 4 డిగ్రీల దగ్గరుంటుంది, ఆ చలికి వాసన పైకి రాదు. వడ్డించడానికి పావుగంట ముందు బయట పెట్టండి. చల్లబరచడం మర్చిపోతే బకెట్‌లో ఐసు, నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి సీసా మెడ దాకా ముంచండి, ఇరవై నిమిషాల్లో పనైపోతుంది. ఐసు ఒక్కటే వేస్తే ముక్కల మధ్య గాలి ఉండి చల్లదనం సరిగ్గా అందదు, నీళ్లు ఉండాల్సిందే. ఈ రకం వైన్లని దాచిపెట్టి మాగబెట్టక్కర్లేదు. సీసా మీద సంవత్సరం చూసి రెండు మూడేళ్ల లోపుది తీసుకోండి. తిప్పే మూత ఉందని చిన్నచూపు చూడకండి, తాజాదనం దాచడానికి అది మంచిదే.

పాన్‌లో పోసేదీ గ్లాసులో పోసేదీ ఒకే సీసాలోంచి రావాలి. వంట వైన్ అని అమ్మే సీసాల్లో ఉప్పు కలిపి ఉంటుంది, తాగలేనిది వంటకీ పనికిరాదు. లెక్క కూడా సరిపోతుంది. సీసాలో 750 మిల్లీలీటర్లు, పాన్‌కి 120 పోతే మిగిలిన 630 నలుగురికి తలా ఒక గ్లాసు. మాటలు సాగే రాత్రయితే రెండు సీసాలు తెచ్చుకోండి, బండి నడిపేవాళ్లకి మాత్రం గ్లాసు పెట్టకండి.

వచ్చేవాళ్లలో మద్యం ముట్టనివాళ్లు ఉంటే ముందే అడగండి. మరిగిస్తే ఆల్కహాల్ అంతా ఆవిరైపోతుందన్నది తప్పు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం పావుగంట ఉడికించినా 40 శాతం మిగులుతుంది, మనం మరిగించేది రెండు మూడు నిమిషాలే. అలాంటప్పుడు వైన్ మానేసి తొక్కల రసం ఇంకో అరకప్పు, నిమ్మరసం ఒక టేబుల్ స్పూన్ పోయండి, రుచికి పెద్ద లోటు రాదు. వాళ్ల గ్లాసులో బాగా చల్లటి సోడానీళ్లు, నిమ్మచెక్క పెట్టండి, అది కూడా నూనెని అలాగే కోస్తుంది. రొయ్యలు పడనివాళ్లు ఉన్నారేమో కూడా అదే ఫోన్‌లో కనుక్కోండి. ఆ ఎలర్జీ తెప్పించే ప్రొటీన్ వండినా పోదు, అదే పాన్‌లో చేసిన ఇంకో వంట కూడా వాళ్లకి ప్రమాదమే.

పాస్తా మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు చల్లగానే తినండి, మళ్లీ వేడిచేస్తే ఇంత కష్టపడి కాపాడిన రొయ్యలు రబ్బరవుతాయి. సీసా అడుగున వైన్ మిగిలితే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించండి. మామూలు ట్రేలో ఒక్కో గడ్డ సుమారు రెండు టేబుల్ స్పూన్లు, వచ్చేసారి పాన్‌లోకి నాలుగు గడ్డలు సరిపోతాయి.